ట్రిప్ అవుతోందని రిలేనే తీసి పారేస్తారా?

5 హెచ్‌పీ బోరు మోటారు, వైండింగ్ మాడి కంపు. స్టార్టర్ మూత తీస్తే ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే కాపలాదారు) 95, 96 టెర్మినళ్ల మధ్య బెత్తెడు వైరు ముక్క! మాటిమాటికీ ట్రిప్ అవుతోందని మెకానిక్ "డైరెక్ట్" చేశాడట, అంటే రిలే ట్రిప్ అయినా మోటారు ఆగదు. ఆహా, కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టేసి పడుకున్నాడు మహానుభావుడు.

అది ఊరికే ట్రిప్ అవుతుందా? స్టార్టింగ్‌లో మోటారు మామూలు కరెంటుకు ఆరు రెట్లు లాగినా ఓర్చుకుంటుంది. క్లాస్ 10 (ఎంతసేపట్లో ట్రిప్ అవ్వాలో చెప్పే తరగతి) రిలే అయితే 7.2 రెట్ల కరెంటుకు కూడా కనీసం 4 సెకన్లు ఆగుతుంది, ఈలోగా బోరు మోటారు స్పీడందుకుంటుంది. నడుస్తూ నడుస్తూ ట్రిప్ అయిందంటే పంపులో ఇసుక పట్టి ఉండాలి, లేదా వోల్టేజీ 350కి పడి ఉండాలి, లేదా ఒక ఫేజు పోయి ఉండాలి. ఫేజు పోతే మిగతా రెండిట్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజులకూ పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలే సంగతి. ఊహూఁ, రిలే ఎంత కరెంటుకు ట్రిప్ అవ్వాలో పెట్టే డయల్ చివరికంటా తిప్పడమే మనవాళ్లకు తెలిసిన వైద్యం!

స్టార్-డెల్టా స్టార్టర్ (వైండింగ్‌ని ముందు స్టార్‌లో, తర్వాత డెల్టాలో కలిపేది) అయితే మరీ ఘోరం. 10 హెచ్‌పీ నేమ్‌ప్లేటు మీద 15 ఆంప్స్ ఉందని రిలేని కూడా 15కే పెడతారు. నాయనా, నేమ్‌ప్లేటు మీదిది లైన్ కరెంటు, సాధారణంగా అందులో రిలే ఉండేది వైండింగ్‌కి వెళ్లే ఫేజు వైర్లలో, అక్కడ పారేది దానిలో 0.58 వంతే. 0.58తో గుణించి 8.7కి పెట్టాలి. 15కి పెడితే లైన్లో 26 ఆంప్స్ పారుతున్నా కిక్కురుమనదు.

"ఫ్యూజులున్నాయిగా" అంటారు. 5 హెచ్‌పీ మోటారుకి స్టార్టింగ్‌లో 45 ఆంప్స్ తట్టుకునే ఫ్యూజు, మోటారు ఓవర్‌లోడై 11 ఆంప్స్ లాగితే ఎలా తెగుతుందండీ? అది షార్ట్ సర్క్యూట్ కోసం. మీరు వేసేది ఫ్యూజు వైరు కూడా కాదాయె, సర్వీసు వైరు పోగులు నాలుగు మెలేసి బిగిస్తారు.

అసలు కరెంటు రాగానే మోటారును తనంతట తనే స్టార్ట్ చేసే ఈ ఆటో స్టార్టర్లను కనిపెట్టినవాణ్ణి అనాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తూ వాటిని తీసేయమని మొత్తుకున్నారు. ఎవరు విన్నారు? కరెంటు పోయి రాగానే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు ఒక్కసారే లేస్తాయి. నాలుగు నలభై ఐదులు 180 ఆంప్స్, దాని కెపాసిటీ చూస్తే 33. ఒక్కో స్టార్టర్‌కి ఆన్-డిలే టైమరు పెట్టి ఒకటి 30 సెకన్లకు, ఇంకొకటి 60కి, ఇలా మార్చుకుంటే సరిపోయేదానికి, ఫ్యూజు ఎగిరిందని లైన్‌మన్‌ని తిట్టడం.

పైగా ఆ రిలే రీసెట్ బటన్ కూడా ఆటోలోనే ఉంటుంది. ట్రిప్ అవుతుంది, చల్లారుతుంది, తనంతట తనే మళ్లీ స్టార్ట్ అవుతుంది. రైతు ఇంట్లో నిద్రపోతుంటాడు, బోర్లో మోటారు విడతలు విడతలుగా మాడుతుంటుంది.