రోస్టర్ పట్టిక గారికి ఓ కానిస్టేబుల్ అభ్యర్థి లేఖ

రోస్టర్ పాయింట్ల పట్టిక గారికి,

నమస్కారాలు. సర్కారు కొలువుల్లో ఏ పోస్టు ఏ కోటాకో వరసగా చెప్పే వారు మీరు. మా నోటిఫికేషన్ నాటికి వంద గళ్ల వారు. మొదటి గడి ఓపెన్ మహిళకు, రెండోది ఎస్సీ మహిళకు, ఇలా ఎవరి కుర్చీ ఎవరిదో ముందే రాసిపెట్టుకున్న వారు. ఇంత పద్ధతి గల మనిషి చుట్టూ ఇన్ని కేసులేంటా అనుకునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, మీరు ఆదివారం పేపర్లో వచ్చే గళ్లనుడికట్టు లాంటి వారని. నిలువు ఉంటుంది, అడ్డం ఉంటుంది. జవాబులు మాత్రం కోర్టులో ఉంటాయి.

నిలువంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాలు. అడ్డం అంటే మహిళలు, మాజీ సైనికులు వగైరా, అన్ని నిలువు వరసల్లోనూ ఉండేవాళ్లు. గ్రౌండ్‌లో చెమట తుడుచుకుంటున్న ఏ కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు. నోటిఫికేషన్ రాసేవాళ్లకే ఎందుకో తడబాటు.

ఉత్తరప్రదేశ్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2013 నాటి పోలీసు నియామకాల్లో, జనరల్ మహిళల జాబితాలో చివరన ఎంపికైన అమ్మాయి కంటే ఎక్కువ మార్కులొచ్చిన ఓబీసీ అమ్మాయిలు ఇంట్లో కూర్చున్నారు. మీ గడి అది, ఇటు రాకండి అన్నారు. ఓపెన్ అంటే అందరికీ ఓపెనే అని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2020 డిసెంబరు. కొట్టు తలుపుకు వేలాడే బోర్డు చదివినా తెలిసే మాట! తెలంగాణలో 2024లో జీవో 3 తెచ్చి మహిళలకు మీలో విడిగా ఉన్న గళ్లను ఎత్తేస్తే, దానిమీదా గొడవే.

ఇక మా ఆంధ్ర. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాశాం. తర్వాత ఫిజికల్స్, అంటే దేహదారుఢ్య పరీక్షలు జరగాలి. ముందు ఎమ్మెల్సీ ఎన్నికలు అడ్డొచ్చాయి, ఆ తర్వాత హోంగార్డుల కోటా మీద కోర్టు కేసులు. ఎండలో ట్రాఫిక్ కాసే హోంగార్డును నేను తప్పుపట్టను. మీలో తన చోటెక్కడో అడిగాడు, అంతే. ముందే తేటగా రాసి ఉంటే అడిగే పనే ఉండేది కాదు.

మాకు పిలుపొచ్చింది 2024 డిసెంబరు చివర్లో.

ఈలోపు ఏం చేశారంటారా? పరిగెత్తాం. 1,600 మీటర్లు, ఎనిమిది నిమిషాల్లోపు. నాలుగున్నరకే లేచి, బొటనవేలి దగ్గర చిరిగిన షూకి సైకిల్ ట్యూబు ముక్క అతికించుకుని. వాయిదా పడిందని తెలిసిన రోజు మాత్రం ఎవరూ స్టాప్‌వాచ్ నొక్కలేదు. ఛాతీ కొలిచేటప్పుడు గాలి పీల్చి ఐదు సెంటీమీటర్లు పెంచి చూపించాలి కదా, మేం పీల్చిన గాలి దాదాపు రెండేళ్లు వదల్లేదు. దానికేమైనా వెయిటేజీ ఉందా? మా అమ్మయితే రోజూ "ఏరా, మీ కోర్టోళ్లు ఏమన్నార్రా?" అని అడిగేది, వాళ్లేదో మా మేనమామలైనట్టు.

2025 జూన్‌లో మెయిన్స్, ఆగస్టులో ఫలితాలు. నాకు రాలేదు. మార్కులు తగ్గాయి. అది నా లెక్క, మీ మీద రుద్దను.

ఒక్క మనవి. ఈసారి నోటిఫికేషన్ ఇచ్చే ముందే మిమ్మల్ని ఎవరితోనైనా పెన్సిల్‌తో నింపించి చూడమనండి. వాళ్లకు తీరిక లేకపోతే ప్రిలిమ్స్‌లో 201వ ప్రశ్నగా పెట్టమనండి. మేమే నింపి ఇస్తాం.

ఇట్లు,
ఓ అభ్యర్థి

తా.క.: ఫిజికల్స్ నాడు హాల్ టికెట్ మీది ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూశారు. ఫొటోలో నాకు జుట్టుంది.