మైనర్ రిలీజ్ గారికి, కోవూరు రైస్ మిల్లు నుంచి

మహారాజశ్రీ మైనర్ రిలీజ్ గారికి (అంటే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు సరిదిద్దుతూ వచ్చే చిన్న వెర్షన్‌కి) నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం కాదు. మీరు క్షేమంగానే ఉండి ఉంటారు, చేయాల్సింది చేసేసి వెళ్లిపోయారు కదా.

మొన్న ఆదివారం మా వదిన మామిడికాయ వేసి కొరమీను పులుసు పెట్టింది. ఒంటిగంటకల్లా వచ్చేస్తా వదినా అని ఫోన్లో చెప్పాను. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యలో ఏం జరిగిందో మీకు తెలీదు కాబట్టి రాస్తున్నా.

మా రైతుల లెక్కలన్నీ దాచే డేటాబేస్ ఏదో పేరు చెప్పను, పైగా మీ వంశంలో ఎవరూ తక్కువ తిన్లేదు. చుక్క తర్వాత అంకె ఒకటి పెరిగింది, అంతే. ఆపి, ఎక్కించి, లేపితే చాలని మీరే రాశారు. ఎలాగూ ఆపుతున్నాం కదా అని శనివారం రాత్రి కంప్యూటర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) కూడా కొత్తది ఎక్కించాను. ఐదు నిమిషాల్లో లేచింది. ఎంత హాయిగా నిద్రపోయానో.

పొద్దున పదింటికి కాటా మీదికి మొదటి ట్రాక్టర్ ఎక్కింది. కోతల కాలం, గేటు బయట బుచ్చి రోడ్డు పొడవునా వరస. కాటా కుర్రాడు లక్ష్మయ్య మామ పేరు కొట్టాడు. రికార్డు లేదంది. పన్నెండేళ్లుగా మా మిల్లుకే వడ్లు తోలుతున్న మనిషి, పోయిన నెల అడ్వాన్సు తీసుకున్న మనిషి, కిటికీ దగ్గర తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "ఎదురుగా ఉంటే లేనంటాడేందయ్యా" అన్నాడు. కుర్రాడేం చేస్తాడు, వెనక హారన్లు, కొత్త రైతు అని ఎక్కించేశాడు. పేరూ ఊరూ కలిపి యూనిక్ పెట్టి ఉన్నానండీ నేను! ఒకే మనిషిని రెండోసారి రానివ్వకూడదని కాపలా పెడితే, ఆ కాపలావాడు లేచి నిలబడి సలాం కొట్టి లోపలికి పంపించాడు.

నేను వచ్చి మొత్తం టేబుల్ వరస వరసనా చదివిస్తే లక్ష్మయ్యలు ఇద్దరు. పేర్లు త్వరగా దొరకడానికి వరసగా పేర్చిపెట్టే పట్టీ, అదే ఇండెక్సులో వెతికితే కొత్తాయన ఒక్కడే. అప్పుడర్థమైంది. చిన్నప్పుడు బళ్లో క్ష అక్షరాన్ని హ, ళ తర్వాత నేర్పిస్తారు, నిఘంటువులో చూస్తే క దగ్గర ఉంటుంది. పుస్తకం ఒక వరసలో పేర్చి, వెతికేవాడు ఇంకో వరసలో వెతికితే ఏమవుతుంది? ఓఎస్ మారితే అక్షరాల వరస లైబ్రరీ మారింది. ఇండెక్సు పాత వరసలో ఉంది. వెతుకులాట కొత్త వరసలో. 2018లో లైనక్సులో ఆ లైబ్రరీ, గ్లిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడేవాళ్లు పడ్డ పాట్లు ఇవేనని నాకు తెలుసు, చదివాను కూడా. మనకు రాదులే అనుకున్నా.

ఇండెక్సు మళ్లీ కట్టమని రీఇండెక్స్ కొట్టాను. కట్టలేనంది. డూప్లికేట్లున్నాయట! రానిచ్చింది నువ్వు, ఇప్పుడు ఎందుకున్నారని నన్ను అడుగుతావా? (ఇక్కణ్నించి గారు తీసేస్తున్నా.) జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో హెచ్చరిక రాశానంటావు. ఆదివారం పొద్దున లాగ్ ఎవడు చదువుతాడయ్యా, నువ్వు చదువుతావా? నీ రిలీజ్ నోట్స్‌లో పైన పేజీడు ఘనకార్యాలు, అడుగున ఎక్కడో "వరస మారితే ఇండెక్సులు మళ్లీ కట్టుకోవలెను" అని ఒక్క ముక్క. పెళ్లిపత్రికలో తేదీని అడుగున చీమతలంత అక్షరాల్లో అచ్చేసినట్టుంది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పదకొండు మంది రైతుల్ని ఒక్కొక్కర్ని కలిపాను. లక్ష్మయ్య మామవి నాలుగు పుట్లు ఒకరి ఖాతాలో, రెండు పుట్లు ఇంకొకరి ఖాతాలో. పుట్టంటే మాకు 850 కిలోలు, నీకెక్కడ తెలుస్తుంది. ఒక స్లిప్పు తప్పు కలిపానంటే సోమవారం నన్ను కాటా మీద నిలబెట్టి తూకం వేసేవాళ్లు.

మీ వాళ్లందరి సంగతీ తెలుసులే. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ ఇంట్లో 199 నంబరు బగ్గు ఉండేది. చివరి వరసలు తీసేసి సర్వర్ ఆపి లేపితే తీసేసిన నంబర్లే మళ్లీ ఇస్తోందని 2003లో రాసిచ్చారు. 2018లో 8.0 వచ్చాకగానీ వదల్లేదు. ఆ ఏడు బారసాల చేసిన పిల్లాడు టెన్త్ రాసేశాడు. పోస్ట్‌గ్రెస్ ఏమన్నా తక్కువా? 2024 నవంబర్ 14న 17.1, వారం తిరిగేసరికి 21న 17.2. మళ్లీ 2025 ఫిబ్రవరి 13న 17.3, 20న 17.4. పెద్దాయన పెళ్లిచూపులకొచ్చి మాట్లాడిపోయిన వారానికి తమ్ముడొచ్చి, మా అన్న అన్నవి మనసులో పెట్టుకోకండి అన్నట్టు. 14.4 అయితే తనకి ముందు నలుగురు ఇండెక్సులు పాడుచేశారని చెప్పడానికే 2022 జూన్‌లో ప్రత్యేకంగా బయల్దేరి వచ్చింది.

ఎక్కించకుండా ఊరుకుందామంటే సెక్యూరిటీ కన్నాలు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఆరోగ్యం రొట్టె ఉంది, ఉద్యోగం రొట్టె ఉంది, రీఇండెక్స్ రొట్టె ఎవరన్నా వదిలితే మోకాలి లోతు నీళ్లలో నిలబడి పట్టుకుంటా.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చాలాసార్లు మీరు ఏ తప్పు, ఎవరు కనిపెట్టారు అని పేర్లతో సహా రాసి పెడతారు. మా మిల్లులో తేమ మీటరు ఎక్కువ చూపిస్తోందని ఆరు నెలలుగా రైతులు మొత్తుకుంటుంటే ఇంతవరకూ ఔనన్నవాడు లేడు. అందుకే ఇంత తిట్టాక కూడా, సోమవారం పొద్దున కూర్చుని నీ నోట్స్ అడుగు నుంచి పైకి చదివాను.

నిన్న లక్ష్మయ్య మామ మళ్లీ వచ్చాడు. కిటికీలో తల పెట్టి, "ఇవాళ ఉన్నానా అబ్బయ్యా?" అన్నాడు.

ఉన్నావు మామా అన్నా.

"ఎంతమందిని?"