"బోర్డరే కదా" అనే మాట మీద నాకు కోపం

నిన్న సాయంత్రం బావ ఫోన్ చేశాడు. చెన్నై అంబత్తూరులో ఉంటాడు, నలభై తొమ్మిదేళ్లు. "ఏమోయ్ బావమరిదీ, రిపోర్టు వచ్చింది. షుగర్ లేదు. ఉత్త బోర్డరే!" అన్నాడు. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష, ఎంత వచ్చింది అని అడిగాను. 6.1 అట. ఆ సంతోషంలో దారిలో ఆగి అరకిలో మైసూర్‌పాక్ కూడా కొన్నాడట. వెనక నుంచి మా అక్క ఏదో అంటోంది. మాటలు వినబడలేదు గానీ విషయం అర్థమైంది.

ఈ మాటే నాకూ 2019లో చెప్పారు. వేళచ్చేరిలో ఒక క్లినిక్. నాది 5.9. డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే "బోర్డర్‌లో ఉంది, డైట్ కంట్రోల్ చేయండి" అని తర్వాతి టోకెన్ పిలిచాడు. ఏం తినాలో, ఎంత తగ్గించాలో ఆయన చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు. ఇంటికొచ్చి కాఫీలో చక్కెర మానేసి బెల్లం వేసుకున్నాను. అదే నా కంట్రోల్! 2022లో 7.4 వచ్చింది. ఇప్పుడు పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర.

5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే ఈ బోర్డరే. 6.5కి చేరితే షుగరే. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఈ బోర్డర్ వాళ్లు 13.6 కోట్లు. బావలాగా మిఠాయి కొన్నవాళ్లు అందులో ఎందరో!

నా కడుపు మండేది ఎందుకంటే, ఈ బోర్డర్ వాళ్ల మీద పెద్ద పరిశోధన జరిగింది ఈ చెన్నైలోనే. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని మూడేళ్లపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చేసింది. రోజూ అరగంట నడిపించి, తిండి మార్పించిన వాళ్లలో 39 మందికి. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన వాళ్లలోనూ దాదాపు అంతే. అంటే మాత్ర చేసిన పని నడకా తిండీ కలిసి చేశాయి. 39 అంటే తక్కువేం కాదు, నడిచినా కొందరికి వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ తప్పించుకున్న ఆ పదహారు మందిలో నేనూ ఉండేవాణ్ణేమో అన్న ఆలోచన మాత్ర మింగిన ప్రతిసారీ వస్తుంది.

ఆ పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా షుగర్ జబ్బు వచ్చినవాళ్లు తగ్గారు. నెల రోజులు నడిచి, మెషీన్ మీద ముల్లు కదలడం లేదని షూస్ మూలన పడేసిన మా ఆఫీసు మిత్రులందరికీ ఇది చెప్పాలి. నడిచేటప్పుడు కాలి కండలు రక్తంలోని చక్కెరను వాటంతట అవే లాక్కుంటాయి, ఇన్సులిన్ వచ్చి తలుపు తీసేదాకా కూర్చోవు. అందుకే భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడిచినా ఫలితం ఉంటుంది. మనమేమో తిన్న వెంటనే నడుం వాలుస్తాం.

ఇక తిండి. మాది నెల్లూరు వైపు. ఇక్కడ ఆంధ్రా మెస్‌కి వెళ్తే పొడీ నెయ్యీ ఒక విడత, పప్పు ఒక విడత, చేపల పులుసు, చారు, చివర పెరుగు. ప్రతిదానికీ మళ్లీ అన్నం. కూర మాత్రం పక్కన నంజుకోవడానికి చెంచాడు. ఆ పులుసు వదులుకోమని నేను చెప్పను, నా వల్లా కాదు. అన్నం ఒక్కసారే పెట్టించుకుని, కూర గిన్నెడు అడగడం మాత్రం నేర్చుకున్నాను. వడ్డించే అతను మొదట్లో వింతగా చూసేవాడు.

ఈమధ్య కొత్త జబ్బు మొదలైంది, మిల్లెట్ జబ్బు. అన్నం మానేశాం, రెండు పెద్ద గ్లాసులు రాగిజావ తాగుతున్నాం అంటారు గర్వంగా. మన దేశంలో సగటున తిండి శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని చెన్నై పరిశోధకులే 2025లో చెప్పారు. ఆ మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమో చిరుధాన్యమో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గలేదని కూడా చెప్పారు. పిండి పదార్థాలు తగ్గించిన చోట పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటివి రావాలి. నాలుగు చపాతీలు తిని "నేను డైట్‌లో ఉన్నాను" అనే మా ఎదురింటాయన ఇది చదువుతారని ఆశ.

నడవడానికి చోటేదీ అంటారా? అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. 2023 నవంబర్‌లో ప్రభుత్వం బీసెంట్ నగర్‌లో 8 కిలోమీటర్ల ఆరోగ్య నడక దారి మొదలుపెట్టింది. బాగుంది. మా వీధిలో మాత్రం ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బైకులు, వాటి నీడలో కుక్కలు. పొద్దున ఏడుకే చొక్కా తడిసిపోతుంది. నేను మా అపార్ట్‌మెంట్ కార్ పార్కింగ్‌లో గుండ్రంగా తిరుగుతాను. వాచ్‌మన్ తాత రోజూ నా చుట్లు లెక్కపెట్టి తక్కువైతే అడుగుతాడు. ఏ యాప్ కన్నా ఆయనే నయం.

బావని ఒప్పించాను. ఈ రాత్రి నుంచి ఎనిమిదిన్నరకి భోజనాలయ్యాక ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ, ఆయన అంబత్తూరులో, నేను ఇక్కడ పార్కింగ్‌లో నడవాలి. మరి ఆ మైసూర్‌పాక్ సంగతేంటి బావా అంటే, ఆఫీసు కబుర్లు ఎత్తుకున్నాడు.