600 భాగించు 24: పాలమూరు పార్కింగ్ శాస్త్రం

పాలమూరుల మెట్టుగడ్డ దిక్కు, న్యూటౌన్ దిక్కు కాంప్లెక్సులు లేపే ఆసాములు పార్కింగ్ లెక్కను ఎంత సులువు చేసిన్రో చూస్తే ముచ్చటేస్తది. రెండో అంతస్తుల జిమ్ము. సభ్యులు 600. రోజుకు 24 గంటలు. భాగిస్తే గంటకు 25 మంది. సెల్లారుల 25 గీతలు కొడితే పనైపాయె. అర్ధరాత్రి 2 గంటలకు డంబెల్ లేపే ఆ 25 మంది ఎవరని అడుగుడు ఈ శాస్త్రంల మర్యాద కాదు.

ఇంత సులువును కూడా ఓర్వలేని అనుమానపు మనుషులు కొందరున్నరు. వాళ్ల లెక్క ఇట్లుంటది. ఫీజు కట్టింది 600 మందైనా రోజూ వచ్చేది 200 అనుకోండి. మిగిలిన 400 మంది జనవరి ఆఫర్ల ఆరోగ్యం కొనుక్కొని ఇంట్ల దాచుకున్నోళ్లు, వాళ్ల బండ్లతోటి పని లేదు. వచ్చే 200ల 120 మంది సాయంత్రం 6 నుంచి 9 మధ్యనే దిగుతరు, అంటే గంటకు 40. మరి ఎంతసేపు ఉంటరు? బోర్డు మీద గంట. బట్టలు మార్చుడు, అద్దం ముంగట ఫొటో, కిందికొచ్చి బండి మీద కూసొని ప్రొటీన్ పొడి మీద చర్చ కలిపితే గంటన్నర. 40ని ఒకటిన్నరతో గుణిస్తే ఒక్కసారి 60 మంది.

ఈ 60 కూడా సగటే. జుంబా బ్యాచుల మీద నడిచే జిమ్ముల 6కు 40 మంది, 7కు 40 మంది గుంపుగ వస్తరు. 6 గంటలోళ్లు 7:30 దాక పోరు. అందుకే 7 నుంచి 7:30 దాక 80 మంది, ఆ తర్వాత 8 దాక 40. పార్కింగ్ కట్టాల్సింది ఆ అరగంటకు. 80ల హాస్టలు పోరగాండ్లు ఓ 10 మంది నడిచొస్తరు, 8 మంది తలా ఒక కారుల వస్తరు, 10 మంది డబుల్స్ కొట్టుకుంట 5 బండ్ల మీద, మిగిలిన 52 మందికి తలా ఒక బండి. ట్రైనర్లు, ఊడ్చేటోళ్ల బండ్లు ఇంకో 6. మొత్తం 63 బండ్లు, 8 కార్లు. పదో వంతు ఖాళీ లేకుంటే జాగ వెతుకుడుతోనే ర్యాంపు జామ్ అయితది కాబట్టి 70 బండ్లకు, 9 కార్లకు జాగ కావాలె. మన 25 గీతలు ఏడబోవాలె?

బండికి జాగ ఎంతన్నదాంట్ల కూడా కాగితానికి దయ ఎక్కువ. కారు గడి రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడుగు. అందుల ముంగట మూడు, వెనుక మూడు, ఆరు బైకులు గీస్తరు. పడతయి కూడా. కాకపోతే గోడ దిక్కున్న మూడు బయటికి రావాలంటే ముంగటి మూడు జరగాలె, ఆ మూడింటికీ హ్యాండిల్ లాకు. స్ప్లెండరైతే వాచ్‌మన్ తాత శారీగార్డు పట్టి వెనుక చక్రం లేపి పక్కకు పెడ్తడు. బుల్లెట్టైతే పైన 150 కిలోల డెడ్‌లిఫ్ట్ కొట్టే తమ్ముడిని పిలవాలె. తమ్ముడు "ఇయ్యాల చెస్ట్ డే తాతా, నడుం పెట్టొద్దన్నరు" అంటడు. ఆ గడికి మూడే అని రాసుకునుడు మంచిది.

ఇగ కాంప్లెక్సుల దుకాణాలన్నీ పంచుకునే ఉమ్మడి పార్కింగ్. ఒక్కో దుకాణం రద్దీని విడిగ కూడొద్దు. అన్నింటినీ గంట గంటకూ కలిపి, అందుల పెద్ద అంకె పట్టుకోవాలె. సాయంత్రానికి షట్టర్ దించే బ్యాంకు జిమ్ముకు బంగారం లాంటి పొరుగు. బట్టల దుకాణం శత్రువు, దాని రద్దీ కూడా 7 గంటలకే. రంజాన్ నెలల ఇద్దరి రద్దీ కలిసి తరావీ (రాత్రి నమాజు) తర్వాతికి జరుగుతది. రక్తపరీక్షల ల్యాబు కంటికి కనిపించని శత్రువు: పరగడుపు షుగరు చూపించుకునేటోడు, షుగరు రావొద్దని ఉరికేటోడు పొద్దుగాల 6:30కు ఒకే గడికి వస్తరు. మన ఆసాముల ఉమ్మడి వేరు. అవే 25 గడులను నాలుగు కిరాయి కాగితాల్ల నలుగురికీ రాసిస్తరు.

2012 నాటి 168 నంబరు జీవో (బిల్డింగు రూల్సు) కట్టిన విస్తీర్ణంల ఇంత శాతం పార్కింగ్ అని అడుగుతది, గడియారం అడగదు. శాతం నక్షల భద్రంగ ఉంటది. సెల్లారుల జనరేటరు, చీరల అట్టపెట్టెలు, పోయిన ఎన్నికల ఫ్లెక్సీలు ఉంటయి. బండ్లు రోడ్డు మీదుంటయి. అనుమానపు మనుషులు సోమవారం సాయంత్రం పావుగంటకోసారి లెక్కపెడుతూ ఆ రోడ్డు మీది బండ్లను కూడా జిమ్ము ఖాతల రాస్తరు. అంత చాదస్తం పనికిరాదు.

దగ్గరి దారి ఉండనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు పోయి లెక్కపెట్టండి. జిమ్ముకు తాళం, బ్యాంకుకు సెలవు, ల్యాబు పొద్దుగాలనే బంద్. గీతలన్నీ ఖాళీగ, తెల్లగ మెరుస్తయి. రిపోర్టు అట్ట మీదికి ఫొటో కూడా మస్తుగ వస్తది.