కాస్త వెచ్చగా అబద్ధం చెప్పే డబ్బా కావలెను

ఉన్నదున్నట్టు మాట్లాడేవాళ్లంటే నాకు గౌరవమే. దూరం నుంచి. రోజూ సాయంత్రం నా గదిలో కూర్చుని ఉన్నదున్నట్టు మాట్లాడతానంటే మాత్రం భరించడం కష్టం. మా ఆంప్లిఫయర్‌లో పుట్టుకతో వచ్చిన ఫోనో ప్రీయాంప్‌తో, అంటే గ్రామఫోన్ రికార్డు సిగ్నల్‌ను పెంచే భాగంతో, నా తగాదా ఇదే. గాయకుడు గొంతు సవరించుకుంటే సవరించుకున్నట్టే వినిపిస్తుంది. రికార్డు మీద గీత పడితే పడ్డట్టే వినిపిస్తుంది. బొత్తిగా లౌక్యం తెలియదు. అందుకే 'వెచ్చని' ధ్వనినిచ్చే ప్రీయాంప్ కొనాలని తీర్మానించాను.

ఈ డబ్బా ఉద్యోగమేమిటో తెలియనివారికి ముందు చెప్పాలి. రికార్డు గాడిలో ముల్లు ఊగితే, ఆ ముల్లును పట్టుకునుండే కార్ట్రిడ్జ్‌లో పుట్టే సిగ్నల్ గోరంత. ముల్లుతోపాటు అయస్కాంతం కదిలే మూవింగ్ మాగ్నెట్ రకమైతే నాలుగైదు మిల్లీవోల్టులు. తీగచుట్ట కదిలే మూవింగ్ కాయిల్ అయితే చాలాసార్లు అందులో పదో వంతే. మొదటిదాన్ని సుమారు 100 రెట్లు, రెండోదాన్ని 1000 రెట్లు పెంచితే తప్ప ఆంప్లిఫయర్ దాన్ని ఖాతరు చేయదు. గోరంతను కొండంత చేయడం మనుషులకూ తెలిసిన విద్యే గానీ, ఈ డబ్బా లెక్క ప్రకారం చేస్తుంది.

రెండో పని ఇంకా సున్నితమైనది. రికార్డు కోసేటప్పుడే బేస్‌ను (మంద్రధ్వనులను) అణిచి, ట్రెబుల్‌ను (కీచుధ్వనులను) ఎగదోస్తారు. బేస్‌ను ఉన్నంతా కోస్తే గాడి వెడల్పుగా ఊగి పక్క గాడి మీద పడుతుంది. ట్రెబుల్‌ను పెంచి కోసి, వినేటప్పుడు తగ్గిస్తే, దానితోపాటు ముల్లు రాపిడి సరసర కూడా అణుగుతుంది. ఒకప్పుడు ఎవరి కొలత వారిది. 1954లో ఆర్‌ఐఏఏ అనే అమెరికా రికార్డు కంపెనీల సంఘం, ఏ ధ్వనిని ఎంత అణచాలో ఎంత పెంచాలో చెప్పే ఒకే వంపును ఖరారు చేసింది. ఇంట్లోని డబ్బా ఆ వంపును తిరగేయాలి. 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ పైచిలుకు ఎత్తాలి, 20,000 దగ్గర దాదాపు అంతే దించాలి. అంటే కోసేవాళ్లు చెప్పిన అబద్ధాన్ని మన డబ్బా దిద్దాలన్నమాట. పూర్తిగా దిద్దితే 'పొడిగా ఉంది' అంటాం. కాస్త అతిగా దిద్దితే 'వెచ్చగా ఉంది' అంటాం.

అసలీ వెచ్చదనం అంటే ఏమిటని అనుభవజ్ఞులను అడిగాను. ఒకాయన, గొంతుకు శాలువా కప్పినట్టుండాలన్నాడు. ఇంకొకాయన కళ్లు మూసుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎంతసేపు చూసినా అంతకుమించి సమాధానం రాలేదు. మూడో ఆయన మాత్రం, నాకు అర్థం కాలేదంటే నా చెవులకు ఇంకా వయసు రాలేదన్నాడు. నాకు యాభై రెండు.

శాలువాను విప్పి చూస్తే లోపల ఉండేవి రెండు మూడు సంగతులే. 200 హెర్ట్జ్ చుట్టుపక్కల చిన్న ఉబ్బు, పైన ట్రెబుల్‌లో చిన్న వాలు. వీటితోపాటు రెండో హార్మోనిక్ అనే మర్యాదస్తురాలైన వక్రీకరణ. షడ్జం పలికితే వెనక సన్నగా పై షడ్జం కలుస్తుంది. శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి దోషమని చెవి పట్టుకోదు, పైగా నిండుగా ఉందని మురుస్తుంది. లోకంలో దోషాలకు పెట్టిన పేర్లలో ఇంత చక్కని పేరు ఇంకొకటి లేదు. నా చేతివ్రాతకూ ఎవరైనా ఇలాంటిది పెడితే బాగుండును.

అలా ఒక వాల్వు ప్రీయాంప్, అంటే పాతకాలపు రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలతో పనిచేసేది, ఇంటికొచ్చింది. లోపల రెండు ఈసీసీ83 వాల్వులు. అమెరికావాళ్లు వీటినే 12ఏఎక్స్7 అంటారు. చీకట్లో నారింజరంగులో వెలుగుతుంటే సగం వెచ్చదనం కంటికే అందింది. మొదటిరోజు గదంతా గుమ్మ్‌మని ఒక మంద్రమైన నాదం. ఇదే కాబోలని పది నిమిషాలు తన్మయత్వంతో విన్నాను. తీరా చూస్తే టర్న్‌టేబుల్ గ్రౌండ్ వైరు బిగించలేదు. బిగించాక నాదం పోయింది. నిజం చెప్పాలంటే కొంచెం వెలితిగా అనిపించింది.

ఇక్కడికి మా బావమరిది వచ్చాడు. వాడు ఎలక్ట్రానిక్స్ చదివాడు, అదే వాడితో చిక్కు. డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, "బావా, దీనికోసం ఇంత దూరం వెళ్లాలా? నీది మూవింగ్ మాగ్నెట్ కదా. దానికి లోడ్, అంటే కార్ట్రిడ్జ్‌కు ప్రీయాంప్ చూపించే నిరోధం, 47 కిలోఓమ్‌లు. పాత ప్రీయాంప్ ఇన్‌పుట్‌కు అడ్డంగా ఒక్కో చానల్‌కు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే 32కి దిగుతుంది. ట్రెబుల్ పైకొస కాస్త అణుగుతుంది. నీకు కావలసింది అదే" అన్నాడు.

నేను గాయపడ్డాను. నెలల తరబడి సమీక్షలు చదివి, నిద్ర మానుకుని, టెన్షన్ పడి సంపాదించుకున్న వెచ్చదనాన్ని వాడు చిటికెనవేలి గోరంత రెసిస్టర్లో పెడతానంటాడు! అందులో వెలుగేది? చూడటానికొచ్చినవాళ్లకు ఏం చూపించాలి?

వాడు అంతటితో ఊరుకోలేదు. రెండు ప్రీయాంప్‌లనూ పోల్చి చూద్దామన్నాడు. టెస్ట్ రికార్డు మీద 1000 హెర్ట్జ్ స్వరం పెట్టి మీటరు ఆనించాడు. నా వాల్వు డబ్బా పాతదానికంటే ఒకటిన్నర డెసిబెల్ బిగ్గరగా ఉందట. "ఇంత తేడా ఉంటే చెవి దాన్ని శబ్దం పెరిగిందనుకోదు బావా, బాగుందనుకుంటుంది" అంటూ వాల్యూమ్ సమం చేశాడు. తర్వాత నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఏది మోగుతోందో చెప్పమన్నాడు. పదిసార్లలో ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా అంతే వస్తుందని వాడన్నాడు గానీ, నాణేనికి సంగీతజ్ఞానం ఉందా అని నేనడిగాను. దానికి వాడి దగ్గర జవాబు లేదు.

నిజానికి ఇందులో డబ్బా తప్పేమీ లేదు. ఎవరో ఇంజినీరు శ్రద్ధగా ఆర్‌ఐఏఏ వంపును సరిగ్గా తిరగేశాడు, వక్రీకరణ తగ్గించాడు. వాల్వులు పెట్టి కూడా నిజమే చెప్పించాడు. ఇంతటి నమ్మకద్రోహం పెట్టె మీద ఎక్కడా రాయలేదు. శాస్త్రీయంగా నా అభిప్రాయం ఏమిటంటే, వెచ్చదనం బిడియస్తురాలు. మీటరు కనబడగానే లోపలికి వెళ్లిపోతుంది.

వాడు వెళ్లాక తలుపేసి, వాల్యూమ్ ఒకటిన్నర డెసిబెల్ పెంచుకుని విన్నాను. వెచ్చగానే ఉంది. ఇంకొంచెం పెరిగితే బాగుంటుందని ఎందుకైనా మంచిదని ఆ రెసిస్టర్లు కూడా పెట్టించాను, వాడికి చెప్పకుండా వేరేవాళ్లతో. వాల్వు డబ్బాకే. రెండు వారాలు హాయిగా గడిచాయి. మూడో వారం నుంచి తాళాల మోత మూట కట్టి మోగించినట్టుంది. వయొలిన్ పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. శాలువా కాస్తా దుప్పటి అయింది.

రెసిస్టర్లు తీసేయమని సలహా ఇవ్వకండి. కష్టపడి తెచ్చుకున్న వెచ్చదనాన్ని వదులుకునే ప్రశ్నే లేదు. ప్రస్తుతం కొత్త కార్ట్రిడ్జ్ కోసం సమీక్షలు చదువుతున్నాను. కొంచెం చల్లగా పలికేది కావాలి.