గోడౌన్‌లో పండిన లాభం

బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో మా కంపెనీ లారీలకు బ్రాకెట్లు చేస్తుంది. 2019లో లారీలే అమ్ముడుపోక, బ్రాకెట్లు అడిగే నాథుడు లేకుండా పోయాడు. అంతకు ముందు ఏడాది జులైలో ప్రభుత్వం లారీ మోయగల బరువు పెంచింది, ఉన్న బండ్లే సరిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఐఎల్ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ వరసగా బాకీలు ఎగ్గొట్టాక మిగతా ఫైనాన్స్ కంపెనీలు అప్పులివ్వడానికి చెయ్యి బిగించాయి. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగ మీద కొత్త నిబంధనలు, బీఎస్-6. ఇవన్నీ, కంపెనీని గట్టెక్కించడానికి పిలిచిన కన్సల్టెంటుగారు ఒక్క స్లైడులో ముగించి, అసలు రోగం టీలో ఉందని తేల్చారు.

ఆయన స్వయంగా కొలిచారు. కప్పుకు 120 మిల్లీలీటర్లు! దాన్ని 70 చేశారు. బిస్కెట్లు రెండు నుంచి ఒకటి. ఎవరు ఎన్ని కప్పులు తాగారో రాయడానికి రిజిస్టర్, ఆ రిజిస్టర్ రాయడానికి నేను. ఈ విధానం ఖరారు చేసేందుకు కమిటీ నాలుగుసార్లు కూర్చుంది. నాలుగుసార్లూ హోటల్ నుంచి మసాలా దోసెలు వచ్చాయి, అవి టీ ఖాతాలోకి రావు కాబట్టి పొదుపు చెక్కుచెదరలేదు. మా హిందూపురం కుర్రాళ్లు మాత్రం గేటు బయట బండి దగ్గరికెళ్లి అరగంట చొప్పున టీ తాగుతున్నారు. మెషిన్లకు ఎలాగూ పని లేదు గనక నష్టమేమీ లేదు. ఇంత దూరం ఆలోచించబట్టే ఆయనకు అంత ఫీజు.

తర్వాత ఉత్పత్తి. ఆర్డర్లు లేనప్పుడు తక్కువ చేయాలని మనలాంటి పామరులు అనుకుంటాం. కన్సల్టెంటుగారు బోర్డు మీద లెక్క వేశారు: అద్దె, జీతాలు కలిపి నెలకు 4 లక్షలు. పది వేల బ్రాకెట్లు చేస్తే ఒక్కోదాని మీద 40 రూపాయలు పడుతుంది, నలభై వేలు చేస్తే పదే. అంటే చేసిన కొద్దీ చవక! అమ్ముడుపోనివాటి వంతు అద్దె, జీతాలు సరుకు విలువలో చేరి గోడౌన్‌లో కూర్చుంటాయి, ఖర్చులోకి రావు. అలా ఒక్క బ్రాకెట్టూ అదనంగా అమ్మకుండానే లాభం పెరిగింది. ఆ లాభానికి తుప్పు పట్టకుండా ఇద్దరు కుర్రాళ్లు రోజూ ఆయిల్ రాస్తున్నారు. స్టీలు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అప్పు మీద కొన్నాం, వడ్డీ సంగతి ఆ బోర్డు మీద లేదు.

అమ్మకాలు పెంచడం అన్నిటికన్నా సులువు. సెప్టెంబరు 30 రాత్రి ఒక డీలరుకు రెండు లారీల సరుకు బిల్లు చేశాం. దసరా అయ్యాక అదే సరుకు అదే తాడుతో తిరిగొచ్చింది. అక్టోబరు 20న జీఎస్టీ మాత్రం నిజంగానే కట్టాం.

ఈ సందట్లో నేనొక తెలివితక్కువ పని చేశాను. పెద్ద కస్టమరు 140 రోజులుగా డబ్బివ్వడం లేదని, మనలాంటి చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లో ఇవ్వాలని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అని మీటింగులో అన్నాను. ఎండీగారు జాలిగా చూశారు. "నాయనా, చట్టం చూపిస్తే బాకీ వస్తుందేమో గానీ ఆర్డరు పోతుంది."

"ఏ ఆర్డరు సార్?" అన్నాను. ఆ రోజు నా కప్పు 50 మిల్లీలీటర్లయింది.

జనవరిలో కన్సల్టెంటుగారి నుంచి లాయరు నోటీసు వచ్చింది. ఆయనదీ రిజిస్టరైన చిన్న సంస్థేనట. ఫీజు ఇవ్వక 45 రోజులు దాటింది, మూడు రెట్లు చక్రవడ్డీతో కట్టమన్నారు.

ఎండీగారు నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, నిండు కప్పు టీ తెప్పించి, తలుపు వేశారు.

"ఆ రోజు ఏదో చట్టం అన్నావే, మళ్లీ చెప్పు."