‘అమ్మ’ అని రాయడానికి ఏడాదిన్నర ఆగాలా?

రెండో తరగతి గది. పాప నోటుపుస్తకం నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. వాచకంలోని పాఠం మొత్తం ఒక్క తప్పు లేకుండా ఎక్కించింది. చదివి వినిపించమ్మా అన్నాను. గడగడా చదివింది. కానీ వేలు మూడో వరుస మీద ఉంటే నోరు ఐదో వరుసకు వెళ్లిపోయింది. మధ్యలో ఒక మాట చూపించి ఇదేమిటని అడిగాను. పాఠం మొదటి నుంచి పెదవులు కదుపుతూ వచ్చి ఆ మాట దగ్గర ఆగాలని చూసింది, ఆగలేకపోయింది. ఏడాదిన్నరగా బడి మానని పిల్ల. ఆ పుస్తకంలో ప్రతి పేజీ కిందా ఎర్రసిరాతో ‘బాగుంది’ అని రాసి ఉంది.

పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే నివేదిక వచ్చినప్పుడల్లా రెండు రోజులు బాధపడటం మనకు అలవాటైపోయింది. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే కాబట్టి మెరుగుపడ్డామని కొందరు సంతోషిస్తున్నారు. నలుగురిలో ముగ్గురు ఇంకా ఒడ్డుకు చేరలేదన్నది నాకు కనిపిస్తోంది. మూడో తరగతికల్లా పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది, 2026-27 గడువు పెట్టుకుంది. అలాంటి లక్ష్యంతోనే తెలంగాణ 2022లో తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. శిక్షణలు జరుగుతున్నాయి, పరీక్షలు జరుగుతున్నాయి. కానీ బడిలో ఆ పిల్ల చేతికి రోజూ పని చెప్పే గంటలో ఏం జరుగుతోంది? చూచిరాత జరుగుతోంది.

చూచిరాత రాత కాదు. అది బొమ్మ గీయడం. నల్లబల్ల మీద ఉన్న ఆకారాన్ని కన్ను చూస్తుంది, చెయ్యి గీస్తుంది. ఆ ఆకారానికి శబ్దం ఉందని తెలియకపోయినా పని పూర్తవుతుంది. మనకు తెలియని లిపిలో ఒక పేజీ ముందు పెట్టినా ఓపిగ్గా గీసేయగలం, ఒక్క ముక్క చదవలేం. ఉక్తలేఖనంలో, అంటే చెప్పింది విని రాయడంలో, అలా కుదరదు. టీచరు ‘పలక’ అనగానే పిల్ల ఆ మాటను చెవిలో పట్టుకోవాలి, మూడు ముక్కలుగా విడగొట్టాలి, ఒక్కొక్క ముక్కకూ అక్షరం వెతుక్కోవాలి. చదవడంలో జరిగేది ఇదే, వెనక్కి తిప్పితే. అందుకే ఉక్తలేఖనం చేయగలిగిన పిల్లకు చదవడం విడిగా నేర్పాల్సిన అవసరం చాలావరకు తీరిపోతుంది. చూచిరాత ఎన్ని పేజీలు రాసినా ఆ లాభం రాదు.

గుణింతాల సంగతి కూడా అంతే. ‘క తలకట్టిస్తే క, క దీర్ఘమిస్తే కా, క గుడిస్తే కి’ అని తరగతి మొత్తం రాగం తీస్తుంటే వినసొంపుగా ఉంటుంది. ఆ రాగం ఆపి ఒక్క ‘కో’ మాత్రం చూపించి అడగండి. చాలామంది పిల్లలు క కా కి కీ నుంచి మెట్లెక్కుతూ వచ్చి గానీ ‘కో’ చెప్పలేరు. వాళ్లకు వచ్చింది పాట. ఓత్వం కనబడగానే ‘ఓ’ అన్న చప్పుడు చెవిలో మోగడం లేదు. మాట మధ్యలో ‘కో’ వచ్చినప్పుడు ప్రతిసారీ పదకొండు మెట్లెక్కే పిల్ల, వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతుంది.

చదువుకు రెండు పాదాలున్నాయని గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక చిన్న సూత్రంగా చెప్పారు. అక్షరాలను శబ్దంగా మార్చుకోగలగడం ఒకటి, ఆ భాష విని అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెంటినీ కూడకూడదు, గుణించాలి. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆరేళ్ల పిల్ల రెండో పాదం గట్టిగా నిలబెట్టుకునే బడికి వస్తుంది. కథ చెబితే కళ్లింత చేసుకుని వింటుంది, తగాదా వస్తే తన పక్షం వాదించుకుంటుంది. లేనిది మొదటి పాదం ఒక్కటే. అదీ మన భాషలో పెద్ద కష్టం కాకూడదు, ఎందుకంటే తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం. 2003లో ఫిలిప్ సేమూర్ బృందం 13 యూరప్ భాషల పిల్లలను పోల్చి చూసింది. రాతకూ పలుకుకూ పొత్తు కుదిరిన భాషల్లో పిల్లలు చాలావరకు మొదటి ఏడాది ముగిసేసరికే మాటలు సరిగ్గా చదివేస్తున్నారు, ఇంగ్లిషు పిల్లలే బాగా వెనకబడ్డారు. తెలుగు ఆ అధ్యయనంలో లేదు. ఆ పొత్తు మాత్రం తెలుగులో ఉంది.

మరి మనకెందుకు ఆలస్యమవుతోంది? మన లిపిలో ఆకారాలు ఎక్కువ, నిజమే. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతి దాకా సాగుతుందని చూపించింది. మన లిపి ఆ లిపికి తోబుట్టువు. అంత కాలం పడుతుందంటే ఏది ముందు నేర్పుతున్నామన్నది ప్రాణప్రదమైన ప్రశ్న అవుతుంది. మనం దాన్ని అడగనే లేదు. వర్ణమాల వరసలో ఉన్నాయి కాబట్టి ఙ, ఞ దిద్దిస్తున్నాం. ఆ పిల్లకు ప్రాథమిక బడి దాటేదాకా అవి ఎక్కడైనా ఎదురైతే గొప్ప. ఒత్తులు మాత్రం అన్ని గుణింతాలూ అయ్యాక, అన్నిటికంటే చివర.

ఇక్కడ ఒక్కసారి ఆగి చూడండి. త, న, మ, య, ర, ల. ఈ ఆరింటి ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. క నేర్చుకున్న పిల్ల క ఒత్తును కొంత ఊహించుకోగలదు గానీ, మ నేర్చుకున్నంత మాత్రాన మ ఒత్తును పోల్చుకోలేదు. అది విడిగా నేర్పాల్సిన కొత్త ఆకారం. ఇప్పుడు ఈ ఆరూ ఎక్కడ వస్తాయో చూడండి. అత్త, అన్న, అమ్మ, అయ్య, నిద్ర, ఇల్లు. నాన్న, తమ్ముడు, చెల్లి, బొమ్మ, అన్నం, పిల్లి. ఆరేళ్ల పిల్ల లోకమంతా ఒత్తుల్లోనే ఉంది. ఆ లోకాన్ని మూటగట్టి అటక మీద పెట్టి, ఏడాదిన్నర పాటు జడ, గడప, అరక, ఈత అంటూ ఒత్తులేని మాటల మధ్య తిప్పుతున్నాం. ఇంకా విచిత్రం, గోడమీది పటంలో మొట్టమొదటి గడిలోనే ‘అ – అమ్మ’ అని ఉంటుంది. కింద వేలాడుతున్న ఆ మ ఒత్తు ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. పిల్ల దాన్ని బొమ్మలాగే గుర్తుపెట్టుకుంటుంది. చదువంటే ఆకారాన్ని మొత్తంగా గుర్తుపెట్టుకోవడమేనన్న మొదటి అపోహ మొదటి గడిలోనే పడుతోంది.

నా మాట ఒక్కటే. మొదటి ఏడాదిలోనే, పది పదిహేను హల్లులు, నాలుగైదు గుణింతపు గుర్తులు రాగానే, ఈ ఆరు ఒత్తులూ నేర్పండి. ఙ, ఞ లాంటివి తర్వాత వస్తాయి. చూచిరాత గంట తీసేసి పది నిమిషాల ఉక్తలేఖనం పెట్టండి, రోజూ. అయిదు మాటలు చాలు. దీనికి నోటుపుస్తకం కంటే పలకే మంచిది. రాయగానే పైకెత్తమంటే టీచరుకు ముప్ఫై పలకలు ఒక్క చూపులో కనబడతాయి, ఎవరికి ఎక్కడ తడబాటో అక్కడికక్కడే తెలుస్తుంది. ఇద్దరే టీచర్లున్న బడిలోనూ ఇది కుదురుతుంది.

అక్షరాల వెంట పడితే పిల్లలకు చదువు మీద విసుగు పుడుతుందని, కథలతో, పూర్తి మాటలతో మొదలుపెట్టాలని వాదించేవాళ్లున్నారు. వాళ్ల ఆవేదన నిజం. అఆల దగ్గరే కన్నీళ్లు పెట్టుకున్న తరాలు మనకున్నాయి. కథలు చెప్పాల్సిందే, రోజూ చెప్పాలి. కానీ కథ వింటే భాష పెరుగుతుంది, అక్షరం రాదు. బొమ్మ చూసి మాట ఊహించడం నేర్చిన పిల్ల, బొమ్మ లేని పేజీ రాగానే నిలిచిపోతుంది. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలకు అమ్మానాన్నలు ఆ లోటు పూడుస్తారు. లేని పిల్లలకు ఎవరు పూడుస్తారు?

ఇంగ్లిషు మీడియమా, తెలుగు మీడియమా అని కోర్టుల దాకా వెళ్లి కొట్లాడుకున్నాం. చెవి నుంచి మొదలయ్యే చదువుకు అంతకంటే లోతైన చిక్కు ఇంకొకటుంది. ఎవరి చెవి? ఎవరి పలుకు? గిడుగు రామమూర్తి పంతులు వందేళ్ల కిందటే ఇది పట్టుకున్నారు. ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆ పంతులే తర్వాత వాడుక తెలుగు కోసం జీవితం ధారపోశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, దండలు వేస్తున్నాం. ఆయన అడిగింది మాత్రం చాలా బళ్లలో ఇంకా అమలు కాలేదు. గోండి, కోయ, సవర పిల్లలు చాలామంది ఒకటో తరగతిలో తమకు అర్థం కాని శబ్దాలకు అక్షరాలు దిద్దుతున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలకు కూడా, వాళ్ల ఇంటి తెలుగు తప్పని ఎర్రసిరా చెబుతోంది.

ఆ రోజు అదే తరగతిలో ఒక పిల్లాడికి పలక ఇచ్చి, నీకు నచ్చింది ఏదైనా ఒక వాక్యం రాయమన్నాను. చాలాసేపు పెదవులు కదిపాడు. ఒక్కో ముక్కా నోట్లో పలికి చూసుకుని రాశాడు: ‘మా అన్న ఊరికి పొయ్యిండు.’ న కింద న ఒత్తు, య కింద య ఒత్తు, ఎక్కడివక్కడ ఉన్నాయి. చూసి రాయలేదు, విన్నది రాశాడు. టీచరు వచ్చి చివరి మాట తుడిచి ‘వెళ్లాడు’ అని రాసి, దాన్ని పదిసార్లు చూచిరాత రాయమన్నారు.